సిద్దయ్య చెప్పిన చలి

గేటు పక్కన గోడకు బిగించిన నల్లబల్లను రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేది సిద్దయ్య. దాని మీద రాసేది మాత్రం ఫణిభూషణ్.

'నిన్నటి కనిష్ఠం 19.2. రేపటి అంచనా 18.' రాసి, సుద్దముక్క జేబులో వేసుకుని, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకునేవాడు. నడకకు వెళ్లేవాళ్లు, పాలకు వెళ్లేవాళ్లు, బండి తీస్తున్నవాళ్లు ఆగి చదివేవాళ్లు. ఆ బల్ల పైఅంచున కిందటేడు రంగుతో రాయించిన అక్షరాలు ఇంకా చెరగలేదు. 'ఈ ఏడు చలి ముందుగా చెప్పినవారు: ఫణిభూషణ్ గారు.' గుడ్డ ఆ అక్షరాల దాకా వచ్చేసరికి సిద్దయ్య చెయ్యి కొంచెం గట్టిగా పడేది. రంగు గట్టిది. పోయేది కాదు.

నగరం శివార్లలో తూంకుంట దాటాక ఎడమకు తిరిగితే వచ్చే నలభై ఇళ్ల కాలనీ అది. అందులో సిద్దయ్య తోటమాలి. గడ్డి కోయడం, మొక్కలకు నీళ్లు పెట్టడం, ఆకులు ఊడ్చి కుప్ప పెట్టడం అతని పని. కానీ ఆ కాలనీ కింద ఉన్న నేల సంగతి అక్కడ ఉంటున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. అది పన్నెండెకరాల ద్రాక్షతోట. సిద్దయ్య అందులో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. దసరా వెళ్లాక తీగ కత్తిరించాలి. కత్తిరించిన నలభై రోజులకు పూత. ఆ పూత మీద వాన పడకూడదు, గింజ కట్టే వేళకు చలి కరవకూడదు. ఏ రోజు కత్తెర పెట్టాలో తోట పటేలు సిద్దయ్యను అడిగి పెట్టేవాడు. మేడ్చల్ దాకా ఉన్న తోటలవాళ్లు సైకిళ్ల మీద వచ్చి, బీడీ ఇచ్చి, పక్కన కూర్చుని, "ఏమంటవ్ సిద్దన్నా, ఈ యేడు సలి ఎట్లుంటది?" అని అడిగి పోయేవాళ్లు.

సిద్దయ్య వెంటనే చెప్పేవాడు కాదు. షామీర్‌పేట చెరువు గట్టున తోక ఆడించే తెల్లపిట్టలు ఎప్పుడు దిగాయో చూసేవాడు. గడ్డి మీద సాలెగూళ్లు పొద్దున ఎంతసేపు తడిగా ఉంటున్నాయో చూసేవాడు. పొద్దుగూకాక పొయ్యి పొగ నిట్టనిలువున లేస్తోందా, నేలబారున పరుచుకుంటోందా చూసేవాడు. అన్నీ చూసి ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాట మీద పన్నెండెకరాల్లో కత్తెరలు ఆడేవి.

తోట పోయింది. ప్లాట్లు పడ్డాయి. ఇళ్లు లేచాయి. అయినా మొదట్లో ఆ గౌరవం కొంత మిగిలింది. పదకొండో నంబరు ఇంటి జానకీదేవి గారు రాజమండ్రి మనిషి. చలంటే వణుకు. దసరా వెళ్లగానే పిలిచి, "ఏవయ్యా సిద్దయ్యా, రగ్గులు ఎండలో వేయమంటావా, ఇంకా రోజులు ఉన్నాయా?" అని అడిగేది. అది వింటే సిద్దయ్యకు ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

రెండేళ్ల కింద తొమ్మిదో నంబరు ఇంట్లోకి ఫణిభూషణ్ దిగాడు. భీమవరం వైపు మనిషి. ఐర్లాండ్ కంపెనీకి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ పని చేస్తాడు. వాళ్ల పొద్దు మన మధ్యాహ్నానికి మొదలవుతుంది కాబట్టి పొద్దున పూట ఖాళీ. ఆ ఖాళీలో పెరట్లో ప్రహరీ పక్కన ఒక ఇనుప గుంజ పాతి, దాని మీద రెక్కల కిటికీ లాంటి తెల్లపెట్టె ఒకటి బిగించాడు. ఆ పెట్టెలో ఏదో ఉంటుంది. అది ఎంత చలో ఫోనుకు చెబుతుంది. ఫోను ఫణిభూషణ్‌కు చెబుతుంది. ఫణిభూషణ్ బల్ల మీద రాస్తాడు.

మరుసటి దసరాకు జానకీదేవి గారు సిద్దయ్యను పిలవలేదు. రగ్గులు వాటంతట అవే ఎండలోకి వచ్చాయి.

*

ఈ ఏడు దసరా వెళ్లిన ఆదివారం సాయంత్రం పార్కులో పది పన్నెండు మంది చేరారు. సిద్దయ్య కొంచెం దూరంగా ఆకులు ఊడుస్తున్నాడు. అతని భార్య దుర్గమ్మ ఫణిభూషణ్ ఇంట్లో పని చేస్తుంది. ఆమె కూడా ఒక పక్క నిలబడి టీ కప్పులు అందిస్తోంది.

"అక్కడ మంచు పడటం అంటే పండగండీ," అంటున్నాడు ఫణిభూషణ్. "ఐర్లాండ్ వాళ్లది ఒక గుంపు ఉంది, వాతావరణం పిచ్చోళ్లది. నేనూ అందులో ఉన్నాను. అక్టోబరు వచ్చిందంటే చాలు, రాబోయే శీతాకాలం గురించి అందరూ తలొక మాట రాస్తారు. ఒకాయన డిసెంబర్లోనే పడి తీరుతుందంటాడు. ఒకావిడ, మా తలుపు తెరుచుకోనంత పడాలి, పదిహేనేళ్లయింది చూసి, అంటుంది. ఇంకొకాయన ప్రతి ఏడూ వచ్చి, మీ మొహాలు, ఈసారీ వానే, అని పోతాడు."

"మరి పడుతుందా?" అంది జానకీదేవి.

"పడమటి గాలి వస్తే వానండీ. తూర్పు గాలి వస్తేనే మంచు. చాలా ఏళ్లు వానే."

అందరూ నవ్వారు.

"పడనిదానికి అంత ఆశేవిటయ్యా!"

"అదే కదండీ సరదా. అందులో డోనల్ గారని ఒకాయన ఉన్నారు. డెబ్బై ఏళ్ల రైతు. ఆవులున్నాయి. ముళ్లపొదల మీద ఎర్రపండ్లు విరగకాశాయా, ఉత్తరం నుంచి వచ్చే పిట్టలు తొందరగా దిగాయా, అది చూసి చెబుతారు. ఈసారి గట్టి మంచు ఉందంటున్నారు. ఎంత గమనికండీ ఆయనది! ఆయన రాసిందంటే నేను రెండుసార్లు చదువుతాను."

సిద్దయ్య చేతిలో చీపురు ఆగింది.

సరిగ్గా నెల కింద, బతుకమ్మకు ముందు, చెరువు గట్టున తెల్లపిట్టలు దిగడం చూసి వచ్చి ఆ మాట ఫణిభూషణ్‌కే చెప్పాడు తను. "ఈసారి జల్దీ దిగినయ్ సారు, సలి గట్టిగుంటది," అన్నాడు. ఫణిభూషణ్ నవ్వి, "అలా అనిపిస్తుంది గానీ సిద్దయ్యా, దానికి లెక్క ఉండదు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఎక్కడో సముద్రాల అవతల ఆవులు కాచుకునేవాడు పిట్టను చూసి చెబితే డోనల్ గారు. ఇక్కడ కళ్ల ముందు నిలబడి చెబితే సిద్దయ్యా. ఇద్దరూ చూసింది పిట్టనే.

ఆ డోనల్ మొహం ఎలా ఉంటుందో సిద్దయ్యకు తెలియదు. అయినా ఆ రోజు నుంచి అతని మీద కూడా మంట మొదలైంది.

"మనమూ ఒక ఆట పెట్టుకుందాం," అన్నాడు ఫణిభూషణ్. "ఈ శీతాకాలం అన్నిటికన్నా తక్కువ ఎంతకు దిగుతుందో ఇంటికొకరు చీటీ రాసి డబ్బాలో వేద్దాం. డిసెంబరు ఆఖరి ఆదివారం విప్పుదాం. దగ్గరగా చెప్పినవాళ్ల పేరు బల్ల మీద ఏడాదంతా ఉంటుంది. ఐర్లాండ్ గుంపులో కూడా ఫొటోతో పెడతాను."

వెంటనే వాదన లేచింది. ఎవరి ఫోనులో చూడాలి? ఒక ఫోను తూంకుంట అంటుంది, ఒకటి యాప్రాల్ అంటుంది, ఒకటి సుచిత్ర వైపు లెక్క చూపిస్తుంది. షామీర్‌పేటలో సర్కారు వాళ్ల మిషన్ ఉంది, అదే తీసుకుందామని ఒకరు. అంత దూరం ఎందుకని ఇంకొకరు. అప్పుడు సిద్దయ్య చీపురు పట్టుకునే ముందుకు వచ్చాడు.

"ఫోన్లు తీరొక్కటి జెప్తయి. ఇంకో ఊరి లెక్క మనకెందుకు? సారు పెట్టె ఏది జూపిస్తే గదే లెక్క."

అందరూ చప్పట్లు కొట్టారు. "నువ్వూ వెయ్యవయ్యా చీటీ," అంది జానకీదేవి.

సిద్దయ్య కాగితం గోడకు ఆనించి, ఒక్కో అంకె దిద్దినట్టు రాశాడు. 7.5. కింద సిద్దయ్య. ద్రాక్షతోట పంపుగదిలో పాదరసం గొట్టం ఉండేది. ఏడున్నర అంటే ఏమిటో అతని వేళ్లకు తెలుసు. చీటీ మడిచి, జానకీదేవి తెచ్చిన చక్కెర డబ్బాలో వేశాడు. బల్ల పైఅంచున ఉన్న పేరు ఈసారి మారాలి. అంతకు మించి అతనికి ఈ ఏడు కోరిక లేదు.

*

కార్తీక పున్నమి వెళ్లింది. ఒక శుక్రవారం అన్నం తింటూ సిద్దయ్య అన్నాడు, "సోమారం నుంచి సలి పడ్తది."

దుర్గమ్మ కూర వడ్డిస్తూ ఊఁ అంది.

ఆదివారం ఆమె పని నుంచి వస్తూనే పెట్టెలోంచి దుప్పట్లు తీసింది. "రేపటి సంది సలి మొదలైతదంట. ఫణి సారు జెప్పిండు."

సిద్దయ్య ఆమెను చూశాడు. "నేను జెప్పలే? మొన్న శుక్కురారం?"

"ఎప్పుడు జెప్పినవ్?"

"గీడ్నే కూసోని, బువ్వ తినుకుంట."

"జెప్పినవేమో. రోజూ ఏదో ఒకటి జెప్తనే ఉంటవ్." దుప్పటి దులిపింది. "నువ్వు నోటితోని జెప్తవ్. గాయిన రాసి పెడ్తడు."

ఆ మాట సిద్దయ్యకు కంచంలో రాయిలా తగిలింది. ముప్పై ఐదేళ్ల కాపురం. తోటలో ఆమె కూడా గుత్తులు కోసింది. మేడ్చల్ నుంచి సైకిళ్ల మీద వచ్చినవాళ్లకు చాయ్ పెట్టింది ఆమే.

సోమవారం చలి పడింది. బల్ల మీద 13.8 కనపడగానే నడకవాళ్లు ఆగి, "ఫణి గారూ, అచ్చం చెప్పినట్టే!" అన్నారు. జానకీదేవి స్వెట్టర్ వేసుకుని వచ్చి, "నీ నోట్లో చక్కెర పొయ్యా, నా కీళ్లు బతికాయి," అంది. సిద్దయ్య పక్కనే గులాబీ మడి తవ్వుతున్నాడు. పార గులాబీ వేరుకు తగిలింది. అతను చూసుకోలేదు.

ఆ సాయంత్రమే ఆలోచన వచ్చింది.

వాచ్‌మన్ బాలేష్ రోజూ తెల్లవారుజామున, చలి బాగా కిందికి దిగే వేళ, గేటు దగ్గర చలిమంట వేస్తాడు. దానికి ఎండుటాకులు కుప్ప పెట్టి ఉంచేది సిద్దయ్య. ఇంకొకటి కూడా సిద్దయ్యకు తెలుసు. ద్రాక్షతోటలో చలి మరీ కరిచిన ఏళ్లలో, పూత మాడకుండా తోటకు ఉత్తరపు అంచున ఊక కాల్చేవాళ్లు. గాలి లేని వేళ మెల్లగా దక్షిణానికి జారే చల్లదనంతో పాటు ఆ వెచ్చదనం కూడా జారి తీగలకు తగిలేది. ఎన్ని అడుగుల దూరంలో కాలిస్తే ఎంత ఎత్తున వెచ్చదనం నిలుస్తుందో అతను పటేలుకు కొలిచి చూపించాడు కూడా.

ఫణిభూషణ్ పెరటి ప్రహరీకి ఉత్తరాన ఖాళీ జాగా. గోడకు బయట కుప్ప పెడితే తెల్లపెట్టెకు నాలుగడుగులు.

"బాలేష్, గేటు కాడ గాలి కొడ్తాంది. గా తొమ్మిదో నంబరు గోడ ఎన్క మంట ఏస్కో. నిమ్మళంగుంటది," అన్నాడు.

"నిజమే కాక. మస్తు జాగ. అక్కడ్నుంచి గేటు గూడ కనపడ్తది," అన్నాడు బాలేష్.

అంతే. అతను ఇంకేమీ అడగలేదు, సిద్దయ్య ఇంకేమీ చెప్పలేదు.

*

మూడు రోజుల్లో ఫలితం కనిపించింది. షామీర్‌పేట సర్కారు మిషన్ పదకొండు అంటే, ఫణిభూషణ్ బల్ల పదమూడు అంది. అంతకు ముందు రెండిటికీ అరడిగ్రీ కూడా తేడా ఉండేది కాదు. ఫణిభూషణ్ పెట్టె విప్పి తుడిచాడు. బ్యాటరీ మార్చాడు. లోపల చలి కొలిచే ముక్క కొత్తది తెప్పించి వేశాడు. అయినా పదమూడే.

"నీ పెట్టెకి నీకంటే ఎక్కువ చలేమోనయ్యా, లోపల రగ్గు కప్పుకుంది," అంది జానకీదేవి. అందరూ నవ్వారు. ఫణిభూషణ్ కూడా నవ్వాడు. కానీ ఇప్పుడు బల్ల దగ్గర రెండడుగులు వెనక్కి జరిగి చూసుకోవడం లేదు. రాసి వెళ్లిపోతున్నాడు.

ఆ నవ్వు విన్న రోజు సిద్దయ్య ఇంటికి వెళ్తూ దారిలో మిర్చిబజ్జీలు కట్టించుకుని వెళ్లాడు.

"ఏందియ్యాల?" అంది దుర్గమ్మ.

"ఏం లేదు. సలిగుంది గదా."

"ఫణి సారు పరేషాన్ల ఉన్నడు. పెట్టె ఖరాబైందట. ఐర్లాండోళ్లను గూడ అడిగిండట ఎందుకిట్లైతాందని."

సిద్దయ్య బజ్జీ కొరికాడు. మిర్చి ఘాటు అతనికి తీయగా ఉంది.

డిసెంబరు రెండో వారంలో ఒక సాయంత్రం సిద్దయ్య పని ఆపి నిలబడిపోయాడు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఆకు కదలడం లేదు. దూరంగా ఎవరో వేసిన పొయ్యి పొగ మోకాలి ఎత్తున లేచి అక్కడే పరుచుకుంది. ముక్కుపుటాలు ఎండుతున్నాయి. ఈ రాత్రే. ఈ ఏటి చలంతా ఈ ఒక్క రాత్రిలో ఉంది. ఏడున్నర.

మొదట అతనికి చీటీ గుర్తొచ్చింది. పెట్టె కూడా ఏడున్నర చూపించాలి కదా! పార పట్టుకుని గోడ వెనక్కి నడిచాడు. ఆ పూట ఊడ్చిన ఆకుల కుప్ప అక్కడ సిద్ధంగా ఉంది. దాన్ని గేటు దగ్గరికి జరపడం పది నిమిషాల పని. పార కుప్పలో దింపాడు.

తొమ్మిదో నంబరు పెరటి తలుపు తెరుచుకుని దుర్గమ్మ బయటికి వచ్చింది. భుజాల మీద కొత్త శాలువా. ఫణిభూషణ్ భార్య ఇచ్చినట్టుంది.

"ఈ రాత్రి మస్తు సలి పడ్తది. కిటికీలు బంద్ జెయ్యి," అన్నాడు సిద్దయ్య.

"గంతేం ఉండదు. పదకొండుకు తక్కువ పోదన్నడు సారు."

"నేను జెప్తున్న గదా."

"సారు జెప్పలే," అంది. శాలువా సర్దుకుని వెళ్లిపోయింది.

సిద్దయ్య కుప్పలోంచి పార పైకి తీశాడు. పెట్టె తప్పని ఊరంతా చూడాలి. షామీర్‌పేట ఏడున్నర అంటుంది, ఈ పెట్టె పది అంటుంది, అప్పుడు తెలుస్తుంది దుర్గమ్మకు ఎవరి మాట మాటో. అతని బుర్రలో అదొక్కటే తిరిగింది. పార్కు దాకా వెళ్లి ఇంకో గంపెడు ఆకులు తెచ్చి కుప్ప మీద పోశాడు.

మర్నాడు షామీర్‌పేటలో 7.6 పడింది. కాలనీలో కొళాయి ముట్టుకుంటే వేళ్లు కొరికింది. బండ్ల సీట్ల మీద నీళ్లు కారాయి. ఫణిభూషణ్ బల్ల మీద 9.5 అని రాశాడు. చదివినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

*

డిసెంబరు ఆఖరి ఆదివారం పార్కులో చక్కెర డబ్బా విప్పారు. సిద్దయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. జానకీదేవి ఒక్కో చీటీ విప్పి చదివింది. పన్నెండు. పదకొండున్నర. పది. ఎనిమిది. "సిద్దయ్య, ఏడున్నర." ఓ అన్నారు అందరూ. సిద్దయ్య చేతులు కట్టుకుని నేల చూశాడు. షామీర్‌పేట సంగతి అందరికీ తెలుసు కదా అనుకున్నాడు.

చివరి చీటీ విప్పింది. "ఫణిభూషణ్, తొమ్మిది పాయింట్ ఆరు." ఒక్క క్షణం ఆగి, "అయ్యో, పెట్టెలో తొమ్మిదిన్నర కదయ్యా! ఈసారీ నువ్వే!"

చప్పట్లు మోగాయి.

"షామీర్‌పేటల ఏడు పాయింట్ ఆరు అమ్మా," అన్నాడు సిద్దయ్య. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

"దానితో మనకేం పనయ్యా? ఇంకో ఊరి లెక్క మనకెందుకు, పెట్టె ఏది చూపిస్తే అదే లెక్క అన్నది నువ్వే కదా!"

అప్పుడు గుర్తొచ్చింది సిద్దయ్యకు. చీపురు పట్టుకుని ముందుకు వచ్చింది తనే. ఆకులు మోసింది తనే. ఆ రెండు డిగ్రీలు ఊది ఊది పెంచి, ఫణిభూషణ్ చీటీ దాకా తీసుకెళ్లి నిలబెట్టింది కూడా తనే. పగవాడికి తన చేత్తో తనే దండ గుచ్చి ఇచ్చినట్టయింది.

ఫణిభూషణ్ మాత్రం నవ్వలేదు. సిద్దయ్య వైపే చూస్తున్నాడు. ఏదో వింటాడేమోనని ఆగినట్టు ఆగాడు. సిద్దయ్య వంగి, కాళ్ల దగ్గరున్న ఎండుటాకు తీసి పక్కకు వేశాడు.

"పేరు రేపు రాస్తానండీ. ఒకటి చూసుకోవాలి," అని ఫణిభూషణ్ లేచి వెళ్లాడు.

మర్నాడు పొద్దున సిద్దయ్య తడిగుడ్డతో వచ్చేసరికి బల్ల పైఅంచున పాత రంగు గీకేసి ఉంది. కొత్త రంగు ఇంకా తడిగా మెరుస్తోంది. 'పెట్టెలో 9.5. షామీర్‌పేటలో 7.6. పెట్టె తప్పు. ఈ ఏడు చలి ముందుగా చెప్పినవారు: సిద్దయ్య గారు.'

గారు. రెండుసార్లు చదివాడు. లోపల ఏదో పొంగింది. తోటలో ఏ ఏడూ అంత పొంగలేదు.

ఆ పొంగు పూర్తిగా పైకి రాకముందే నడకవాళ్లు వచ్చారు. చదివారు. "ఎంత మంచి మనసండీ ఫణి గారిది!" అన్నారు. "గెలిచింది తనే, పాపం తోటమాలికి ఇచ్చేశాడు." జానకీదేవి కళ్లద్దాలు తుడుచుకుంది. "ఈ రోజుల్లో ఎవరిస్తారయ్యా ఇలా?" దుర్గమ్మ గేటులోకి వస్తూ చూసి, ముక్కు మీద వేలు వేసుకుంది. "దేవుడసొంటి మనిషి. నీ పేరు రాసిండు సూడు!"

సిద్దయ్య చేతిలో గుడ్డ నీళ్లు కారుతోంది. పేరు తనది. పొగడ్త మళ్లీ ఫణిభూషణ్‌దే. తను చెప్పిన చలి పడింది, పడినందుకు కూడా అతనికే దండం పెడుతున్నారు. ఇది మాత్రం సిద్దయ్య ఓర్చుకోలేకపోయాడు. ఓడిపోయినా ఓర్చుకునేవాడేమో.

తిన్నగా తొమ్మిదో నంబరుకు వెళ్లి తలుపు కొట్టాడు.

"సారు. మీరు నాకిచ్చిందేం లేదు. అది నాదే," అన్నాడు సిద్దయ్య, ఫణిభూషణ్ బయటికి రాగానే. "మీ పెట్టె ఖరాబ్ గాలే. మంట నేనే పెట్టిచ్చిన. గోడ ఎన్క. కావాల్నని."

ఇప్పుడు అరుస్తాడు, పని తీసేయిస్తాడు అనుకున్నాడు. ఫణిభూషణ్ గుమ్మంలో నిలబడి తల ఊపాడు.

"తెలుసు సిద్దయ్యా."

"ఎర్కనా?"

"పదిహేను రోజులుగా. డోనల్ గారు చెప్పారు."

సిద్దయ్యకు అర్థం కాలేదు. "గా ఆవులాయన? గాయినకెట్ల ఎర్క?"

ఫణిభూషణ్ ఫోను తీసి చూపించాడు. అదంతా ఇంగ్లీషు. చదివి చెప్పాడు. "పెట్టెలో లోపం లేదు, దగ్గర్లో ఎవరైనా నిప్పు వేస్తున్నారేమో చూడు, అన్నారు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నే పక్క పొలం ఆయన పెట్టె దగ్గర గడ్డి కాల్చేవాడట. ఆ పక్కాయన రేడియోకి లెక్కలు పంపేవాడట, పేరొచ్చిందట. మరుసటి రోజు పొద్దున లేచి చూశాను. మంట కనపడింది. బాలేష్‌ని అడిగితే, కాక ఇక్కడ వెయ్యమన్నాడన్నాడు."

"మరి ఎందుకు అడగలే నన్ను?"

"నువ్వే చెబుతావేమోనని చూశాను. నిన్న కూడా చూశాను." ఆగాడు. "ఎంత దూరంలో వెయ్యాలో ఎలా తెలిసింది నీకు? నాలుగైదు రోజులు కొలుచుకున్నాను. కచ్చితంగా రెండు డిగ్రీలు. రోజూ రెండే."

"గీ జాగంత ద్రాక్షతోట ఉండె సారు," అన్నాడు సిద్దయ్య. ఫణిభూషణ్ ఇల్లు, పెరడు, ప్రహరీ ఒకసారి కొత్తగా చూసుకున్నాడు.

పదిహేను రోజులు. సముద్రాల అవతల కూర్చుని, తన మొహం చూడకుండా, తన పేరు వినకుండా, తను చేసిన పని పసిగట్టాడు ఆ ముసలాయన. సిద్దయ్యకు సిగ్గు వేయలేదు. ఒళ్లు మండింది.

"గాయిన జెప్పిన మంచు పడ్డదా?"

"లేదింకా. వానే."

"పిట్టలను సూసి జెప్పిండన్నరు?"

"చెప్పారు. పడలేదు."

సిద్దయ్య భుజం మీద తువ్వాలు దులిపి మళ్లీ వేసుకున్నాడు. "అయితే రాయుండ్రి సారు ఆయనకు. నేనూ పిట్టలనే సూసిన. ఏడున్నర అన్న. ఏడు పాయింట్ ఆరు పడ్డది. మంట సంగతి గూడ రాయుండ్రి, పర్వాలే. కని మొదలు గిది రాయుండ్రి."

ఫణిభూషణ్ అక్కడే నిలబడి రాశాడు. పంపాక ఫోను తిప్పి చూపించాడు. తెలియని అక్షరాల మధ్య ఏడు, చుక్క, అయిదు కనిపించాయి. సిద్దయ్య వాటి మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆకుల కుప్ప మళ్లీ గేటు దగ్గరికి చేరింది. బల్ల లెక్క షామీర్‌పేట లెక్కతో కలిసింది. దుర్గమ్మ మాత్రం, "సారు పెట్టె బాగు జేస్కున్నడు," అంది. సిద్దయ్య ఆమెతో వాదించలేదు.

జనవరి నెలంతా అతను బల్ల తుడవగానే తొమ్మిదో నంబరు గోడ దగ్గర ఆగేవాడు. ఫణిభూషణ్ కాఫీ కప్పుతో పెరట్లో ఉండేవాడు.

"ఏమాయె సారు? పడ్డదా గాడ మంచు?"

"లేదు సిద్దయ్యా. వానే."

"అయ్యో పాపం," అనేవాడు సిద్దయ్య. ఆ రోజు అతని చీపురు చకచకా నడిచేది.